ఆది జాకెట్టు, అంగడి కొలత

గోదావరి మండలాలలో స్త్రీలు జాకెట్టు కుట్టించుకొనడానికి దర్జీ వద్దకు వెళ్ళేటప్పుడు, కొత్త గుడ్డతోపాటు మరొక వస్తువును కూడా వెంట తీసుకొని వెళ్ళడం పరిపాటి. అది ఇంతకుముందు చక్కగా కుదిరిన పాత జాకెట్టు. దానినే ‘ఆది’ అంటారు. దర్జీ ఆ ఆదిని బల్లమీద పరచి, టేపు పెట్టి, ఛాతి ఎంత, నడుము ఎంత, భుజం ఎంత, చంక చుట్టు ఎంత అని చూచి, ఆ కొలతల ప్రకారం కత్తెర వేస్తాడు. పెంటపాడులో కుట్టించినా, తాడేపల్లిగూడెంలో కుట్టించినా, ఏలూరులో కుట్టించినా పద్ధతి ఇదే. ఈ పద్ధతిలో ఒక గొప్ప న్యాయం ఉన్నది. వస్త్రం శరీరానికి లొంగుతుందిగాని, శరీరం వస్త్రానికి లొంగవలసిన అగత్యం లేదు. ఎవరి ఆది వారిది.

కాని ఆ జాకెట్టు లోపల ధరించే బాడీ విషయంలో ఈ న్యాయం తప్పిపోయింది. నేడు అందరూ బ్రా అని పిలిచే ఈ వస్త్రాన్ని సాధారణంగా దర్జీ కుట్టడు. అట్టపెట్టెలలో పేర్చి అంగడిలో అమ్ముతారు. తల్లి తన కూతురికోసం కొనబోయినప్పుడు అంగడివాడు వేసే ప్రశ్న ఒక్కటే: ‘‘నంబరెంతమ్మా?’’ ముప్పైరెండో, ముప్పైనాలుగో, ముప్పైయారో, ఏదో ఒక అంకె చెప్పవలె. పక్కన నలుగురు పురుషులు నిలబడి ఉండగా ఆ అంకెను గొంతు తగ్గించి చెప్పి, కాగితంలో చుట్టి ఇచ్చిన పొట్లాన్ని సంచి అడుగున పెట్టుకొని రావడమే తప్ప, అది సరిపోతుందా లేదా అని విచారించే వీలు చాలాచోట్ల ఉండదు. ఇంటికి వచ్చి తొడిగి చూస్తే కుదరదు. కుదరనిదానిని తిరిగి ఇవ్వడానికి సిగ్గు. అందుచేత కుదరనిదానినే సర్దుకొని ధరించడం అలవాటవుతుంది. ఆ అలవాటే తల్లినుండి కూతురికి వారసత్వంగా సంక్రమిస్తుంది.

ఈ ఇబ్బంది అందరికీ ఉన్నా, వెన్ను సన్నగా ఉండి వక్షం నిండుగా ఉన్న స్త్రీలకు మరీ అధికం. అంగడిలోని అంకె ఒక్కటి. వారి శరీరానికి కావలసిన కొలతలు రెండు. ఒక కొలతకు సరిపోయినది రెండవదానికి సరిపోదు. సరిపోకపోవడం వస్త్రం లోపమని తెలియక, తమ శరీరమే ఏదో తీరు తప్పినదని చాలామంది బాలికలు మనస్సులో క్రుంగిపోతారు. వాస్తవానికి అక్కడ తప్పినది శరీరం కాదు, ఆది.

పేర్ల వెనుక కథ

వక్షాన్ని కప్పే కుట్టువస్త్రం తెలుగువారికి కొత్త కాదు. అమరకోశంలో చోళమని, కూర్పాసకమని దానికి పేర్లున్నవి. ఆ కూర్పాసమే తెలుగు నోట కుప్పసమైనది. కంచుకం, కంచెల, రవిక అనే మాటలు కూడా భాషలో చిరకాలంగా ఉన్నవే. పాతకాలపు రవికకు బొత్తాములు లేవు. రెండు కొసలను ముందువైపు తెచ్చి ముడి వేసుకొనేవారు. ఆ ముడిలో ఒక సౌకర్యం ఉన్నది. గర్భిణి అయినప్పుడు, బిడ్డకు పాలిచ్చేటప్పుడు, ఒళ్ళు తగ్గినప్పుడు, పెరిగినప్పుడు ముడిని వదులు చేసుకొనవచ్చు, బిగించుకొనవచ్చు. ఇంగ్లీషువారి రాక తరువాత జాకెట్టు, బ్లౌజు, బాడీ అనే మాటలు ఇళ్ళలోకి వచ్చినవి. వాటితోపాటు హుక్కులు, అంకెలు కూడా వచ్చినవి.

వక్షాన్ని కప్పుకొనడమే హక్కుగా పోరాడి సంపాదించుకొన్న స్త్రీలు ఈ దేశంలో ఉన్నారు. తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ స్త్రీలు పైవస్త్రం ధరించడాన్ని అగ్రకులాలవారు అడ్డగించగా దశాబ్దాలపాటు అలజడి సాగింది. మద్రాసు గవర్నరుగా ఉన్న సర్ చార్లెస్ ట్రెవెలియన్ ఒత్తిడి చేసిన మీదట, 1859 జూలైలో మహారాజు ఆ స్త్రీలు పైవస్త్రం ధరించవచ్చునని ప్రకటన చేశాడు. తెలుగుదేశంలోనూ ఛాందస కుటుంబాలలో వితంతువులకు రవిక నిషిద్ధమై ఉండిన కాలం మరీ పాతది కాదు. స్త్రీ ఏది తొడగవలె, ఏది తొడగరాదు అని ఇతరులు నిర్ణయించిన చరిత్ర ఇంత పొడవుగా ఉన్నది. ఆ నిర్ణయాలలో ఆమె సౌఖ్యం ఎంత అనే ప్రశ్నకు మాత్రం చోటు దొరకలేదు.

పాశ్చాత్య దేశాలలో కూడా ఈ ప్రశ్న ఆలస్యంగానే వచ్చింది. అక్కడి స్త్రీలు తిమింగిలపు దంతఫలకాలతోను, ఉక్కుపట్టీలతోను బిగించిన కార్సెట్లలో ఊపిరాడక ఎన్నో తరాలు గడిపారు. న్యూయార్కులో మేరీ ఫెల్ప్స్ జేకబ్ అనే యువతి రెండు చేతిరుమాళ్ళు, కొంత రిబ్బను కలిపి కుట్టించుకొన్న తేలికపాటి వస్త్రానికి 1914 నవంబరు 3న అమెరికా ప్రభుత్వం పేటెంటు ఇచ్చింది. ఆ పేటెంటును ఆమె ఒక కార్సెట్టు కంపెనీకి 1,500 డాలర్లకు అమ్మివేసింది. ఆ వస్త్రం వక్షాన్ని కప్పిందేగాని మోయలేదు. 1922లో న్యూయార్కులోనే ఇడా రోసెంతాల్, ఎనిడ్ బిసెట్, విలియం రోసెంతాల్ అనేవారు రెండు గిన్నెలవంటి భాగాలతో బ్రాలు కుట్టి అమ్మసాగారు. మెయిడెన్‌ఫార్మ్ అనే ప్రసిద్ధ సంస్థ అట్లా పుట్టింది. 1932లో ఎస్. హెచ్. క్యాంప్ అనే కంపెనీ స్తనాల పరిమాణాన్ని ఎ, బి, సి, డి అనే నాలుగు అక్షరాలతో సూచించింది. అంకె వెన్నుకు, అక్షరం వక్షానికి అనే రెండు కొలతల పద్ధతికి అది నాంది. ఆ పద్ధతి వచ్చి తొంభై ఏండ్లు దాటింది. అయినా చిన్న ఊళ్ళ అంగళ్ళలో అంకె వినబడుతున్నదిగాని అక్షరం వినబడడం అరుదు.

రెండు కొలతల లెక్క

ఈ విషయం అర్థం కావడానికి అయిదవ తరగతి లెక్క చాలు. బ్రాలో ముఖ్యభాగాలు మూడు. ఒంటిచుట్టూ తిరిగి వెనుక హుక్కులతో బిగిసే పట్టీ ఒకటి. వక్షాన్ని ఇముడ్చుకొనే రెండు గిన్నెలు, వీటినే కప్పులంటారు. భుజాలమీదుగా పోయే సన్నని పట్టీలు మూడవవి. పట్టీకి గుర్తు అంకె. కప్పుకు గుర్తు అక్షరం. స్తనాలకు సరిగా క్రిందుగా ఒంటిచుట్టూ తీసిన కొలత మొదటిది. వక్షం అత్యంత నిండుగా ఉన్నచోట తీసిన చుట్టుకొలత రెండవది. రెండవదానిలో నుండి మొదటిదానిని తీసివేస్తే వచ్చే భేదమే కప్పు. భేదం ఒక అంగుళమైతే ఎ, రెండయితే బి, మూడయితే సి, నాలుగయితే డి. బ్రిటిషు పద్ధతిలో అయిదు అంగుళాలకు డిడి, ఆరింటికి ఇ, ఏడింటికి ఎఫ్. అంగుళం 2.54 సెంటీమీటర్లు కనుక సెంటీమీటర్లలో కొలిచినవారు మార్చుకొనవచ్చు.

ఒక యువతికి క్రింది కొలత 30 అంగుళాలు, నిండు కొలత 36 అంగుళాలు అనుకొందాము. భేదం ఆరు. కాబట్టి ఆమె కొలత 30ఇ. ఈ అక్షరం వినగానే చాలామంది ఆశ్చర్యపడతారు. ఇ అంటే అతిస్థూలమైన శరీరమని ఒక అపోహ. అది నిజం కాదు. అక్షరం వక్షం పరిమాణాన్ని ఒంటరిగా చెప్పదు. వెన్నుతో పోల్చి చెబుతుంది. సన్నని వెన్ను గల మనిషికి ఆరంగుళాల భేదం చూడడానికి ఏమంత విశేషంగా ఉండదు.

ఇప్పుడు అదే యువతి అంగడికి పోయినదనుకొందాము. అనేకచోట్ల క్రింది కొలతకు నాలుగో అయిదో అంగుళాలు కలిపి నంబరు చెప్పే ఆచారం ఉన్నది. సాగే గుణం లేని గుడ్డలతో బాడీలు కుట్టిన రోజులలో ఊపిరికి చోటు విడవడానికి అది పనికివచ్చేది. ఇప్పటి పట్టీలు ఎలాస్టిక్కుతో సాగుతున్నవి గనుక ఆ కలపడం అనవసరం. అయినా ఆచారం పోలేదు. ముప్పైకి నాలుగు కలిపితే ముప్పైనాలుగు. ముప్పైయారులో నుండి ముప్పైనాలుగు తీసివేస్తే రెండు. రెండంటే బి. కాబట్టి ఆమెకు 34బి ఇస్తారు. శరీరం ఒక్కటే, టేపు ఒక్కటే. కాని 30ఇ కావలసిన మనిషి 34బి అయి కూర్చున్నది. ఆ పట్టీ ఆమె వెన్నుకు నాలుగంగుళాలు వదులు. ఆ కప్పు ఆమె వక్షానికి రెండు మెట్లు చిన్నది.

చిన్నదైనందువల్ల బిగుతు. బిగుతుగా ఉన్నదని చెబితే అంగడివాడు పెద్ద నంబరు తీసి ఇస్తాడు. ఇక్కడ తెలుసుకొనవలసిన మరొక సూత్రం ఉన్నది. కప్పు పట్టు ఒకటే ఉండగా పట్టీ ఒక మెట్టు పెరిగితే అక్షరం ఒక మెట్టు తగ్గుతుంది. అనగా 30ఇ, 32డిడి, 34డి, 36సి, 38బి అనే అయిదింటిలోను కప్పు పరిమాణం ఇంచుమించు ఒకటే. వీటిని అక్కచెల్లెళ్ళ కొలతలు అనవచ్చు. అంగడిలో బి తప్ప వేరే అక్షరం లేనప్పుడు, ఆ యువతి వక్షం ఇమడవలెనంటే 38బి వరకు పోవలె. అప్పుడు కప్పు కుదురుతుంది. పట్టీ మాత్రం ఎనిమిదంగుళాలు పెద్దదవుతుంది. సన్నని వెన్ను గల మనిషికి అంగడి చేసే అన్యాయమంతా ఈ ఒక్క లెక్కలో ఉన్నది.

బరువు ఎవరు మోయవలె?

స్తనాలలో కండరం లేదు. గ్రంథులు, కొవ్వు, వాటిని పట్టి ఉంచే సన్నని తంతువులు, పైన చర్మం, ఇంతే. ఆ తంతువులను సవిస్తరంగా వర్ణించిన ఇంగ్లీషు శస్త్రవైద్యుడు సర్ ఆస్ట్లీ కూపర్ పేరుమీదనే వాటిని కూపర్ తంతువులంటారు. స్తనాల నిర్మాణాన్ని గురించి ఆయన గ్రంథం 1840లో వెలువడింది. ఈ తంతువులు ఎక్కువ బరువును నిలబెట్టలేవు. కాబట్టి నిండు వక్షానికి వెలుపలినుండి ఆధారం కావలె. ఆ ఆధారంలో అధికభాగం ఒంటిచుట్టూ బిగిసి ఉండే పట్టీ ఇవ్వవలసినదే. భుజపట్టీల పని కప్పును స్థానంలో ఉంచడం మాత్రమే. కావడి బరువు బద్దమీద పడవలెగాని తాళ్ళు పట్టుకొన్న వేళ్ళమీద పడరాదు గదా! పట్టీ వదులైనప్పుడు అది వీపుమీద పైకి జరుగుతుంది. ముందుభాగం క్రిందికి జారుతుంది. బరువంతా భుజపట్టీలమీద పడుతుంది. అవి భుజాలలోకి దిగి ఎర్రని గాట్లు పెడతాయి. మెడ, భుజాలు లాగుతాయి. మనిషి తెలియకుండానే ముందుకు వంగి నడవడం నేర్చుకొంటుంది.

డెల్టా గ్రామాలలో ఈ బాధకు మరికొన్ని తోడవుతాయి. ఊడ్పుల కాలంలో స్త్రీలు నడుము వంచి గంటల తరబడి చేలో నిలబడవలె. కొల్లేటి పరిసరాలలో చేపల పని చేసేవారు తడిలోనే ఉండవలె. వేసవి ఉక్కపోతలో కుదరని పట్టీ క్రింద చెమట నిలిచి, చర్మం ఒరసి, దద్దుర్లు లేస్తాయి. దానికి తోడు ఈ వస్త్రాన్ని ఎవరి కంటా పడకుండా తువ్వాలు క్రిందనో, చీర మడతలోనో, నీడలో ఆరవేసే ఆచారం ఒకటి. వానకాలంలో అట్లా ఆరవేసినది పూర్తిగా ఆరదు. ఆ తడిలో పెరిగే బూజుజాతి క్రిములు చర్మవ్యాధికి కారణమవుతాయి. ఎండలో ఆరవేయడానికి సిగ్గుపడిన పాపానికి వైద్యుని ముందు మరింత సిగ్గుపడవలసి వస్తున్నది.

అయితే శాస్త్రం చెప్పినదానికి మించి భయపెట్టడం కూడా తగదు. 2008లో ఆస్ట్రేలియాలో 30 మంది యువతులను పరిశీలించగా పదింటికి ఎనిమిదిమంది సరికాని కొలత బ్రాలు ధరించినట్లు తేలింది. వారిలో ఎక్కువమంది తమకు కావలసినదానికంటె చిన్న కొలత తొడిగినవారే. అయినా వీపునొప్పికి స్తనాల పరిమాణమే కారణమని ఆ పరిశీలన చెప్పలేదు. నొప్పికి కారణాలు అనేకం. బ్రా ధరించడంవల్ల రొమ్ము క్యాన్సరు వస్తుందని ఒక వదంతి ప్రచారంలో ఉన్నది. అమెరికాలోని సియాటిల్‌లో వెయ్యిమందికి పైగా స్త్రీలను విచారించి 2014లో ప్రకటించిన పరిశోధన, ఆ రెండింటికీ సంబంధం లేదని తేల్చింది. కుదిరిన బ్రా సర్వరోగనివారిణి కాదు. కుదరనిది ప్రాణాంతకమూ కాదు. కాని నిత్యం పది పన్నెండు గంటలు ఒంటిమీద ఉండే వస్త్రం నిత్యం బాధపెట్టకుండా ఉండవలెనని కోరడం అత్యాశ కాదు.

ఆటస్థలంలో కనబడని బాలిక

ఈ సమస్య పాఠశాలకు సంబంధించినదని చెబితే కొందరు ఉపాధ్యాయులు కనుబొమలు ముడివేయవచ్చు. కాని బాలికలకు శరీరం మారే వయస్సు ఎనిమిదికీ పదమూడుకీ మధ్య ఆరంభమవుతుంది. ఆ మార్పు కొన్ని సంవత్సరాలపాటు సాగుతుంది. ఆరవ తరగతినుండి పదవ తరగతి వరకు, సరిగా ఉపాధ్యాయుల కళ్ళయెదుటనే ఇది జరుగుతున్నది. ఆరవ తరగతిలో మైదానమంతా పరుగెత్తిన పిల్ల ఎనిమిదవ తరగతికి వచ్చేసరికి ఆటల పీరియడులో చెట్టుక్రింద కూర్చొంటుంది. అడిగితే ‘‘కడుపునొప్పి’’ అంటుంది. ‘‘పెద్దదయింది, సిగ్గు’’ అని పెద్దలు సరిపెట్టుకొంటారు. ఆ సిగ్గు వెనుక నొప్పి ఉండవచ్చునని ఎవరూ ఆలోచించరు.

ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో స్తనాల కదలికను గురించి పరిశోధించే ఒక బృందం ఉన్నది. పరుగెత్తేటప్పుడు అవి పైకి క్రిందికి మాత్రమే కాక, ప్రక్కలకు, ముందుకు వెనుకకు కూడా కదులుతాయని వారు కొలిచి చూపారు. ఆ బృందం 11 నుండి 18 సంవత్సరాల వయస్సుగల 2,089 మంది పాఠశాల బాలికలను ప్రశ్నించి 2016లో ఫలితాలు ప్రకటించింది. వారిలో 46 శాతం, తమ వక్షం కారణంగా ఆటపాటలలో పాల్గొనడానికి కొంత ఆటంకం కలుగుతున్నదని చెప్పారు. 87 శాతం ఈ విషయం గురించి ఇంకా తెలుసుకొనగోరుతున్నామన్నారు. ఆటలకు తగిన బ్రాను ఎల్లప్పుడూ ధరిస్తామన్నవారు నూటికి పదిమంది మాత్రమే. ఇంగ్లండు వంటి దేశంలో, అంగళ్ళు, పుస్తకాలు, వైద్యులు అందుబాటులో ఉన్నచోట పరిస్థితి ఇది. మాట పైకి అనడమే తప్పయిన ఊళ్ళలో ఎట్లా ఉండునో ఊహించవచ్చు.

ఆటలకోసం ప్రత్యేకమైన బ్రా కూడా ఇటువంటి బాధనుండే పుట్టింది. 1977లో అమెరికాలోని వెర్మాంట్‌లో లీసా లిండాల్ అనే యువతి పరుగు అభ్యసిస్తూ, సరైన ఆధారం లేక అవస్థపడింది. ఆమె, కుట్టుపనిలో నేర్పరులైన పాలీ స్మిత్, హిండా మిల్లర్ కలిసి, పురుష క్రీడాకారులు లోపల ధరించే రెండు ఆధారవస్త్రాలను చేర్చి కుట్టి మొదటి నమూనా తయారుచేశారు. పురుషునికి మైదానంలో ఆధారం కావలెనని లోకానికి ఎన్నడో తోచింది. స్త్రీకి కావలెనని తోచడానికి ఆమె తానే సూది పట్టవలసి వచ్చింది.

ఉపాధ్యాయినులు చేయగలిగినది పెద్దపని కాదు. సంవత్సరానికి ఒక గంట బాలికలను మాత్రమే కూర్చోబెట్టి రెండు కొలతల లెక్క చెబితే చాలు. 2004లో ఆరంభమైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల వంటి వసతి పాఠశాలలలో, తల్లులకు దూరంగా ఉన్న పిల్లలకు ఇది మరీ అవసరం. వ్యాయామోపాధ్యాయుడు పురుషుడైనచోట, ఆటకు రాని బాలికను పదిమందిలో నిలదీయక, ఒక ఉపాధ్యాయినిచేత విడిగా అడిగించడం మర్యాద. బాలురకు నేర్పవలసినది కూడా ఉన్నది. సహవిద్యార్థిని పరుగును చూచి నవ్వడం హాస్యం కాదనీ, ఆ ఒక్క నవ్వు ఆమెను జీవితాంతం మైదానానికి దూరం చేయగలదనీ వారికి తెలియవలె.

కొలుచుకొనే విధం

టేపు లేకపోయినా దారం, స్కేలు ఉంటే చాలు. గది తలుపు వేసుకొని ఎవరికి వారే కొలుచుకొనవచ్చు. ఊపిరి వదలి, స్తనాలకు సరిగా క్రిందుగా దారాన్ని ఒంటిచుట్టూ నేలకు సమాంతరంగా, కొంచెం బిగువుగా తిప్పి గుర్తుపెట్టవలె. ఆ పొడవుకు దగ్గరగా ఉన్న సరిసంఖ్యయే పట్టీ అంకె. దానికి నాలుగు కలపనవసరం లేదు. తరువాత వక్షం నిండుగా ఉన్నచోట, దారం ఒత్తకుండా, జారకుండా తిప్పి రెండవ గుర్తు పెట్టవలె. నిండు వక్షం గలవారు కొంచెం ముందుకు వంగి కొలిస్తే కొలత నిజానికి దగ్గరగా వస్తుంది. రెండింటి భేదం కప్పు అక్షరాన్ని చెబుతుంది. డి దాటిన తరువాత దేశానికొక తీరున అక్షరాలు మారుతాయి. బ్రిటిషువారి ఇ అమెరికావారి వద్ద తరచుగా డిడిడి అవుతుంది. కొనేటప్పుడు ఆ సంస్థ ఇచ్చిన పట్టికను చూడడం మేలు.

కొలత ఆరంభం మాత్రమే. తుదిపరీక్ష తొడిగి చూడడమే. ఆస్ట్రేలియాలోని వొలాంగాంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కూడా, టేపునే నమ్ముకొనక, తొడిగిన తరువాత ఒక్కొక్క భాగాన్ని పరీక్షించి చూడవలెనని చెప్పారు. కొత్తదాని హుక్కులు అన్నిటికంటె వదులు వరుసలో పెట్టినప్పుడు పట్టీ కుదరవలె. ఎలాస్టిక్కు సాగినకొద్దీ లోపలి వరుసలకు పోవచ్చు. పట్టీ క్రింద రెండు వేళ్ళు దూరవలె, పిడికిలి దూరరాదు. చేతులు పైకెత్తినప్పుడు పట్టీ వెంట లేవరాదు. భుజపట్టీలను జార్చివేసినా పట్టీ తన చోట నిలబడవలె. కప్పు అంచున ఒత్తుకొని పైకి పొంగరాదు, ముడతలు పడి ఖాళీగానూ ఉండరాదు. రెండు కప్పుల నడిమి భాగం రొమ్ముటెముకకు ఆనుకొని ఉండవలె. లోపల తీగ ఉన్నదైతే అది స్తనం మొదలును చుట్టి పోవలెగాని దానిమీద గుచ్చుకొనరాదు.

ఎదిగే వయస్సులోని బాలికలు ఆరునెలల కొకసారి మళ్ళీ కొలుచుకొనవలె. గర్భం, ప్రసవం, ఒంటి బరువులో మార్పు వచ్చినప్పుడు పెద్దలు కూడా కొలుచుకొనవలె. నెలసరికి ముందు కొంత వాపు ఉండడం సహజం. సరైన ఆధారం ఉన్నా మెడ, వెన్నునొప్పి తగ్గకపోయినా, గడ్డవంటిది చేతికి తగిలినా వైద్యులకు చూపించుకొనడంలో జాగు పనికిరాదు.

దూరపు అంగడి, దగ్గరి దర్జీ

కొలత తెలిసిన తరువాత వస్తువు దొరకడం మరొక సమస్య. డి దాటిన కప్పులు, సన్నని పట్టీలు కలిసి దొరకడం పెద్ద దేశాలలోనే కష్టంగా ఉండేది. ఇంగ్లండులో సారా ట్రెమెల్లెన్ అనే స్త్రీ గర్భవతిగా ఉన్నప్పుడు తనకు సరిపోయేవి దొరకక, 1995లో బ్రావిస్సిమో అనే సంస్థను ఇంటినుండే తపాలా వ్యాపారంగా ఆరంభించింది. అది డి మొదలుకొని పై కొలతలకే ఏర్పడిన సంస్థ. భారతదేశంలో 2011లో రిచా కర్ బెంగుళూరులో జివామే సంస్థను స్థాపించి, అంగడివాని యెదుట అంకె చెప్పవలసిన అవసరం లేకుండా ఇంటికే తెప్పించుకొనే వీలు కల్పించింది. నేడు పెంటపాడులో కూర్చొని ఫోనులో అక్షరంతో సహా కొలత చెప్పి తెప్పించుకొనవచ్చు. కాని కొలత తెలియనివారికి ఫోను కూడా పాత అంగడివంటిదే. అక్కడ కూడా అలవాటైన తప్పు నంబరునే నొక్కుతారు.

ఇందులో ఒక విపరీతం కూడా ఉన్నది. తాడేపల్లిగూడెంలో తూర్పువైపు పోయే రైలెక్కి అనకాపల్లి ప్రాంతంలో దిగితే, అచ్యుతాపురం వద్ద వేయి ఎకరాల మేర విస్తరించిన బ్రాండిక్స్ వస్త్రనగరం కనబడుతుంది. చుట్టుప్రక్కల గ్రామాలనుండి వేలాది తెలుగు స్త్రీలు అక్కడికి పోయి, విదేశీ అంగళ్ళకోసం లోదుస్తులు కుడుతున్నారు. ఒక్కొక్క బ్రాలో ఇరవైకి పైగా చిన్నచిన్న ముక్కలుంటాయి. గీత తప్పకుండా వాటిని అతికే నేర్పు ఆ చేతులకు ఉన్నది. సముద్రాలకు ఆవలి స్త్రీల కొలతలన్నీ తెలుగు స్త్రీల సూదిక్రిందుగా పోతున్నవి. తెలుగు గ్రామంలోని బాలికకు మాత్రం తన కొలత తెలియదు.

దగ్గరి దర్జీని కూడా తక్కువగా చూడనక్కరలేదు. కటోరి జాకెట్టు కుట్టగలిగినవారికి గిన్నె ఆకారం కొత్త కాదు; క్రాసు గుడ్డ ఎట్లా సాగుతుందో, డాటు ఎక్కడ వేస్తే ఎక్కడ నిండుదనం వస్తుందో వారికి చేతివ్రేళ్ళలో ఉన్న విద్య. అంగడిలో కప్పు కుదిరి పట్టీ వదులైనది దొరికితే, వెనుక పట్టీని రెండువైపులా సమంగా తగ్గించి హుక్కులు మార్చి కుట్టించుకొనవచ్చు. రెండు మూడు అంగుళాలవరకు ఇది బాగానే పనిచేస్తుంది. అంతకు మించితే భుజపట్టీలు ప్రక్కలకు లాగి రూపం చెడుతుంది. మెత్తని నూలుగుడ్డతో, వెడల్పయిన పట్టీలు పెట్టి, రెండు కొలతలకూ సరిపోయే బాడీని కుట్టించుకొనడం కూడా అసాధ్యం కాదు. ఒకప్పుడు గ్రామాలలో బాడీలు అట్లా కుట్టించుకొన్నవే. కుట్టుమిషను మీద జీవించే స్త్రీలు ఊరూర ఉన్నారు. వారు ఈ పని నేర్చుకొంటే వారికి బత్తెం, చుట్టుప్రక్కల బాలికలకు సౌఖ్యం, రెండూ కలుగుతాయి.

జాకెట్టు బిగువైతే స్త్రీ దర్జీని కోప్పడుతుంది, గుడ్డను నిందిస్తుంది. తన భుజాన్ని నిందించుకొనదు. లోపలి బాడీ బిగువైతే మాత్రం తన ఒంటిని నిందించుకొంటుంది. మొదటిదానికి ఆది ఉన్నది, రెండవదానికి లేదు; తేడా అంతే. రెండు కొలతలు, ఒక తీసివేత తెలిసిన బాలిక తన ఆదిని తానే తయారుచేసుకొనగలదు. ఆ తరువాత ‘‘నంబరెంత?’’ అని అంగడివాడు అడిగినప్పుడు, అంకెతోపాటు అక్షరాన్ని కూడా గొంతు తగ్గించకుండా చెప్పగలదు. అటువంటి బాలికలు నలుగురు అడిగిననాడు, ఆ అక్షరాలు గల పెట్టెలు అంగడి అరలలోకి వాటంతటవే వస్తాయి.